గోడకు తొమ్మిదో రంగు

జమ్మలమడుగు దగ్గర మా ఊరి చర్చి ప్రహరీగోడకు ఈ ఏడు తొమ్మిదో రంగు పడింది. అమెరికా చర్చి నుంచి సేవ చేయడానికి వచ్చిన పద్నాలుగు మంది యూత్ పిల్లలు పది రోజులు ఎండలో నిలబడి లేతాకుపచ్చ పూసి, నిన్న సాయంత్రం బెంగళూరు బండెక్కారు. నిరుడు వచ్చినవాళ్ళు నీలం పూశారు. గోడ ఇప్పుడు ఇటుకల మీద కాదు, రంగు మీద నిలబడి ఉందని మా మేస్త్రీ అభిప్రాయం.

గిట్టనివాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళకు చట్టం తెలియదు. మన దేశంలో టూరిస్టు వీసా మీద వచ్చి మతప్రచారం చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. మరి ఇంత దూరం వచ్చిన పిల్లలు ఏం చేయాలి? గోడ మతం మారదు, ఎవరికీ ఫిర్యాదూ చేయదు.

అతిథి మర్యాదల బాధ్యుణ్ణి నేనే కాబట్టి ఆఖరి రోజు సంగతులు రాయడం నా విధి. స్త్రీల మైత్రి (మా చర్చి ఆడవాళ్ళ సంఘం) అక్కలు తెల్లవారుజామునే లేచి సంగటి, నాటుకోడి పులుసు చేశారు. అతిథుల కోసం కారం తగ్గించారు. కడప జిల్లాలో ఇంతకు మించిన త్యాగం నేను చూడలేదు. ఒక పిల్లవాడు సంగటి ముద్దను స్పూనుతో కోసి, నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "నమలగూడదు నాయనా, మింగాల" అని మా అక్క తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఆమెకు గొంతు నొప్పేమో అనుకుని వాడు మాత్ర తెచ్చి ఇచ్చాడు.

తర్వాత సాక్ష్యాలు, అంటే ఒక్కొక్కరూ లేచి తమ మనసులో మాట అందరి ముందూ చెప్పడం. ఒకమ్మాయి లేచి, "వీళ్ళ దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్జుమా చేసే పాస్టరుగారి అబ్బాయి ఒక్క క్షణం ఆగి, "మన పులుసు చాలా బాగుందంట" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో అవ్వ మాత్రం, "పులుసుకు ఏడుస్తారా? మా అల్లుడుండేది డల్లాస్‌లో, వాళ్ళకూ మనకూ ఏం తేడా ల్యాకపాయ" అంది.

ఈ జిల్లాకు తెల్లవాళ్ళు కొత్త కాదు. మతబోధకుడి కొడుకు సి.పి. బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగం మీద కడపకు వచ్చి, గోడల జోలికి పోకుండా తెలుగు నేర్చుకుని వేమన పద్యాలు పోగుచేశాడు. పక్క జిల్లా అనంతపురంలో 1969లో దిగి పేదల కోసం పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అయితే 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఇద్దరికీ ప్లానింగ్ లేదు. పది రోజుల్లో తిరిగిపోవాలన్న క్రమశిక్షణ ఈ పిల్లల్లోనే చూశాను.

మర్యాదకు మర్యాద ఉండాలి కదా అని కమిటీలో నేనొక తీర్మానం పెట్టాను: మన యూత్ పద్నాలుగు మందినీ డల్లాస్ పంపి, అక్కడొక చర్చి గోడకు సున్నం కొట్టించి, ఆఖరి రోజు "పాపం, వీళ్ళ దగ్గర అన్నీ ఉన్నాయి" అని ఏడిపించాలని. తీర్మానం నెగ్గింది. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలన్న దగ్గరే చిక్కు వచ్చింది. పదేళ్ళు సొంత డబ్బుతో సాఫ్ట్‌వేర్ చదివినవాడినే వెనక్కి పంపే కౌంటర్లో, "సున్నం కొట్టడానికి పోతున్నాం, పది రోజులకు వచ్చేస్తాం" అంటే నమ్మేదెవరు?

బండి కదిలేటప్పుడు అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. దుమ్ము తగ్గాక చూస్తే మేస్త్రీ గోడ దగ్గర గొంతుక్కూర్చుని, పిల్లలు బ్రష్షు అందక వదిలేసిన పై వరుస చూసుకుంటున్నాడు. ఏటా అది పూర్తిచేసేది ఆయనే, కూలీ కమిటీదే.

"అన్నా, వచ్చే ఏడు యా రంగో ముందే కనుక్కో. ఈ పచ్చ మీద లేత రంగులు నిలబడవు" అన్నాడు.