మొదటి బంతిలో ఆటగాళ్లు

ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్లకు ఆంధ్రలోని పాతపట్నం వేరే రాష్ట్రమన్న సంగతి 2020 దాకా కాగితం మీదే తెలుసు. మహేంద్రతనయ ఒడ్డునే రెండు ఊళ్లూ. పెళ్లి సంబంధాలు, బట్టల బేరాలు, పంటి నొప్పికి డాక్టరు, అన్నీ అటూ ఇటూ కలగలిసి ఉంటాయి. కరోనా కట్టడి నడుస్తున్న ఆ ఏడాది జూన్‌లో అక్కడ మా పెదనాన్న పెద్దకర్మకు బయల్దేరితే దారిలో వెదురు బొంగులు అడ్డం కట్టి ఉన్నాయి. నా దగ్గర పాస్ లేదు. ఎలాగో వెళ్లినా తిరిగొచ్చాక పద్నాలుగు రోజులు గడప దాటకూడదు. బొంగుకు అటు మా అన్నయ్య, ఇటు నేను నిలబడి, ఒకరికొకరం కనపడుతూనే ఫోన్‌లో మాట్లాడుకున్నాం. చావు ఇంటి మాటలు అంత దూరం నుంచి అరిచి చెప్పుకోలేం కదా.

ఆ వారమే ఒక రాత్రి టీవీ పెడితే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్ మళ్లీ మొదలైంది. జూన్ 17, ఆస్టన్ విల్లాకూ షెఫీల్డ్ యునైటెడ్‌కూ మ్యాచ్. స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడు లేడు. విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని గీత దాటి గోల్ లోపలికి వెళ్లిపోయాడు, కానీ గోల్ అయిందో లేదో చెప్పాల్సిన కెమెరాలకు అది కనపడలేదు. గోల్ ఇవ్వలేదు, మ్యాచ్ 0-0తో ముగిసింది. మనుషులకు వారానికి రెండుసార్లు టెస్టులు చేశారు, యంత్రానికి చేయడం మర్చిపోయారు అని ఇంట్లో నవ్వుకున్నాం. పడుకున్నాక మాత్రం ఒకటే ఆలోచన. ఆ ఇరవై రెండు మందికి తెరుచుకున్న గేటు మాకెందుకు తెరుచుకోలేదు?

డబ్బు వల్ల అనేది సులువైన జవాబు. అబద్ధమూ కాదు. మ్యాచ్‌లు జరగకపోతే క్లబ్బులు టీవీ కంపెనీలకు సొమ్ము వెనక్కి ఇవ్వాలి. కానీ అక్కడితో ఆగితే అసలు విషయం జారిపోతుంది. ఫుట్‌బాల్‌కు ఇచ్చింది ఉత్త మినహాయింపు కాదు, ఒక బేరం. ‘మేం అందరికన్నా ఎక్కువ కట్టడిలో ఉంటాం, ఎక్కువ టెస్టులు చేయించుకుంటాం, అందుకే మమ్మల్ని ఆడనివ్వండి’ అని లీగులు అడిగాయి, ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. యూరప్ పెద్ద లీగుల్లో అన్నిటికన్నా ముందు, మే 16న తిరిగి మొదలైన జర్మనీ బుందెస్‌లీగాలో ఈ బేరాన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారో ఒక టూత్‌పేస్ట్ కథ చెబుతుంది. ఆగ్స్‌బుర్గ్ జట్టు కోచ్ హైకో హెర్లిచ్ జట్టుతో పాటు హోటల్లో క్వారంటైన్‌లో ఉన్నాడు. టూత్‌పేస్ట్ లేదని, చర్మానికి రాసుకునే క్రీమ్ కూడా కావాలని బయటికి వెళ్లి షాపులో కొనుక్కొచ్చాడు. పైగా ఆ మాట తనే విలేకరుల ముందు మామూలుగా చెప్పేశాడు. తర్వాత నాలుక కరుచుకుని, తప్పు ఒప్పుకుని, ఆ క్లబ్ కోచ్‌గా తన మొదటి మ్యాచ్‌కే దూరంగా ఉండిపోయాడు.

ఆ కథ నాకు నచ్చుతుంది. నియమం అంటే అలా ఉండాలి, పెద్దవాడికీ పేస్ట్ అయిపోతుంది, అయినా గీత గీతే.

మన దేశంలో ఇండియన్ సూపర్ లీగ్ 2020 నవంబర్ 20న మొదలై 2021 మార్చి 13న ముగిసింది. మొత్తం గోవాలోనే, మూడు స్టేడియాల్లో. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆడాల్సిన ఒడిశా ఎఫ్‌సీ సొంత మ్యాచ్‌లు కూడా గోవాలోనే ఆడింది, అదీ ప్రేక్షకులు లేకుండా. ఆ సీజన్ మా జట్టు అట్టడుగున నిలిచింది, దానికి బబుల్‌ను, అంటే బయటివాళ్లతో కలవకుండా జట్లను ఒకచోట ఉంచే కట్టడిని, తప్పు పట్టలేం, పదకొండు జట్లదీ అదే బబుల్. నాలుగు నెలలు హోటల్ గది, బస్సు, మైదానం, మళ్లీ గది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు అది జైలు లాంటిదే, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ అదే ఏడాది మా పక్క గంజాం జిల్లాలో ఇంకో రకం బబుల్ చూశాను. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే గంజాం వాళ్లు లక్షల్లో ఉంటారు. వాళ్లు రైళ్లు దిగి ఊళ్లకు వస్తే, ఊరి బడే క్వారంటైన్ కేంద్రం. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు కలెక్టర్ అధికారాలు ఇచ్చింది, క్వారంటైన్ పూర్తి చేసినవాళ్లకు 2,000 రూపాయలు ప్రకటించింది. బెంచీలు పక్కకు జరిపి, నేల మీద పరుపు కూడా లేకుండా దుప్పటి పరుచుకుని పడుకున్నారు మగ్గం కార్మికులు. నల్లబల్ల మీద ఎవరో సుద్దముక్కతో గీతలు గీసి రోజులు లెక్కపెట్టుకున్నారు. నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఇంకో రెండు కట్టలు అయితే ఇల్లు. వాళ్లకు వారానికి రెండు టెస్టులు లేవు. వాళ్లతో ఎవరూ బేరం మాట్లాడలేదు.

అందుకే ఆటగాళ్లు గీత దాటినప్పుడు మాకు చిర్రెత్తేది. మాంచెస్టర్ కుర్రాళ్లు ఫోడెన్, గ్రీన్‌వుడ్‌లను 2020 సెప్టెంబర్‌లో ఐస్‌లాండ్ నుంచి ఇంగ్లండ్ జట్టు ఇంటికి పంపేసింది. ఆ క్రిస్మస్‌కు లండన్ క్లబ్బులైన టాటెన్‌హామ్ ఆటగాళ్లు ముగ్గురు, వెస్ట్‌హామ్ ఆటగాడొకడు కుటుంబాలతో కలిసి పార్టీ చేసుకున్న ఫోటో బయటికి వచ్చింది. ఇందులో నన్ను నవ్వించింది, మండించింది ఒకే ముక్క. ఆ ముగ్గురిలో ఒకడైన రెగిలాన్ పండక్కి ఒంటరిగా ఉంటాడని జాలిపడి కోచ్ మొరీన్యో అతనికి పోర్చుగల్ పద్ధతిలో వండే పందిపిల్లను కానుకగా ఇచ్చాడు. కుర్రాడు చూస్తే పార్టీలో తేలాడు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 2021 మేలో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ ఆడటానికి మాల్దీవులకు వెళ్లిన బెంగళూరు ఎఫ్‌సీ జట్టులో కొందరు కట్టడి దాటి బయట తిరిగారు. అక్కడి క్రీడల మంత్రి జట్టునే దేశం వదిలి పొమ్మన్నారు, క్లబ్ యజమాని పార్థ్ జిందాల్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పుడు మన దేశంలో రెండో వేవ్ నడుస్తోంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఫోన్లు తిప్పుతున్న రోజులవి.

ఇక టీకా. మా వైపు పెళ్లి భోజనాల్లో మొదటి బంతి, రెండో బంతి అంటాం. కాలి కింద ఆడే బంతికీ ఈ బంతికీ సంబంధం లేదు గానీ, 2021లో రెండూ కలిసిపోయాయి. మొదటి బంతిలో ఎవర్ని కూర్చోబెట్టాలో మన ముసలమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్దవాళ్లు, దూరం నుంచి వచ్చినవాళ్లు, పసిబిడ్డల తల్లులు. పెళ్లికొడుకు స్నేహితులు ఎంత ఆకలిగా ఉన్నా ఆగాలి. మన దేశం కూడా మొదట్లో ఇంచుమించు అలాగే వడ్డించింది. 2021 జనవరి 16న ఆరోగ్య కార్యకర్తలు, ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల లాంటివాళ్లు, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లు, జబ్బులున్న నలభై అయిదేళ్లవాళ్లు. మే 1 నుంచి పద్దెనిమిది నిండినవాళ్లు. దాంతో స్లాట్ల కోసం ఫోన్ పట్టుకుని కూర్చునే కాలం వచ్చింది, ఆ టెన్షన్ ఎవరూ మర్చిపోరు. ‘వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఒకటే’ అనే సామెత కూడా మనదే మరి.

ఆటగాళ్లకు ముందు ఇవ్వాలా అనే చర్చ ఆ రోజుల్లోనే ప్రపంచమంతా నడిచింది. ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో, ముందు ప్రమాదంలో ఉన్నవాళ్లకు, ఆరోగ్య సిబ్బందికి, తర్వాతే ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అన్నారు. ఆయన అన్నవాటిలో నేను పూర్తిగా ఒప్పుకునేవి తక్కువ, ఇది మాత్రం ఒప్పుకుంటాను. కానీ ఆ ఏప్రిల్‌లోనే చైనా కంపెనీ సినోవాక్ దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్యకు 50,000 డోసులు ఇచ్చింది. ‘విరాళంగా వచ్చాయి, ఎవరి వాటాలోంచీ తీసుకోలేదు కదా’ అన్నది దాన్ని సమర్థించినవాళ్ల వాదన. పెళ్లివారు అన్నం తక్కువై దిక్కులు చూస్తుంటే ఎవరో తెచ్చిన గంగాళం నేరుగా పెళ్లికొడుకు స్నేహితుల విడిదికి చేర్చి, ఇది మీ వంటశాలది కాదుగా అన్నట్టుంది. సీసా ఎక్కడినుంచి వచ్చినా సీసానే. ఆ టీకాలతో బ్రెజిల్‌లో కోపా అమెరికా జరిపారు. మొదలవకముందే వెనిజులా జట్టులో కరోనా పాకింది. టోర్నీ నడుస్తుండగానే బ్రెజిల్‌లో చనిపోయినవాళ్లు 5 లక్షలు దాటారు.

నా అభ్యంతరం ఆటగాళ్లు ధనవంతులని కాదు. వాళ్ల తరఫున వాదించినవాళ్లు ఒకే నోటితో రెండు మాటలు అన్నారని. మ్యాచ్‌లు కావాలన్నప్పుడు ‘మా బబుల్ గట్టిది, మాకు ప్రమాదం లేదు, మావల్ల ఎవరికీ ప్రమాదం లేదు’ అన్నారు. టీకా కావాలన్నప్పుడు ‘మాకు ప్రమాదం ఎక్కువ, ప్రయాణాలు, ఒరుసుకుని ఆడే ఆట’ అన్నారు. బబుల్ గట్టిదైతే టీకాకు ఆగవచ్చు. గట్టిది కాకపోతే మ్యాచ్‌లు ఆపాలి. మా ఊరి ఆశా కార్యకర్తకు, మేం ఆశా దీదీ అంటాం, బబుల్ లేదు. గుడ్డ మాస్కు కట్టుకుని, సంచిలో శానిటైజర్ సీసా వేసుకుని, జ్వరం ఉన్న ప్రతి గడపా ఎక్కింది. ‘నేను రాను’ అనే వీలు ఆమెకు లేదు. వరుసలో ముందు ఎవరన్నదానికి నా దృష్టిలో అదే కొలబద్ద. పెద్ద వయసు ఎలాగూ లెక్కే, దాని తర్వాత, తప్పించుకునే వీలు ఎవరికి లేదో వాళ్లు. ఆ లెక్కన చూస్తే స్టార్ ఆటగాడి కన్నా అతని గది ఊడ్చే హోటల్ మనిషి ముందు ఉండాలి. ఆ మనిషి గురించి ఎక్కడా చర్చ జరగలేదు.

అలాగని ఆటగాళ్లకు ఎప్పుడూ సడలింపు ఇవ్వకూడదని కాదు. ఒకసారి మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది, సరిగ్గా ఇచ్చింది. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12-16 వారాలుగా పెంచిన కొద్ది రోజులకే, జూన్ 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లే క్రీడాకారులు, సిబ్బంది 28 రోజులు దాటితే రెండో డోసు వేయించుకోవచ్చని. ఆ కాగితం మీద వాళ్లు ఒక్కళ్లే లేరు. విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లు, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. మా వీధి కుర్రాడొకడు గల్ఫ్‌లో ఫిట్టర్. సెలవుకు వచ్చి ఇరుక్కుపోయాడు. వీసా గడువు దగ్గరపడుతోంది, రెండో డోసుకు ఇంకా రెండు నెలలు. ఆ ఉత్తర్వు పుణ్యమా అని సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబర్ వేయించుకుని విమానం ఎక్కాడు. ‘ఒలింపిక్స్ కోటాలో వెళ్తున్నా బావా’ అని నాతో నవ్వాడు. కారణం రాసి, తేదీ చెప్పి, అదే అవసరం ఉన్న కూలీవాడినీ పక్కన కూర్చోబెడితే సడలింపు మీద ఎవరికీ కడుపు మండదు.

తీరా టీకాలు కావలసినన్ని వచ్చాక ఏమైంది? 2021 అక్టోబర్‌లో ప్రీమియర్ లీగ్ చెప్పిన లెక్క ప్రకారం ఆటగాళ్లలో రెండు డోసులూ పూర్తయినవాళ్లు 68 శాతం, ఒక్క డోసైనా వేసుకున్నవాళ్లు 81 శాతం. అంటే అయిదుగురిలో ఒకడు సూది దగ్గరికే రాలేదు. బయెర్న్ మ్యూనిక్ ఆటగాడు యోషువా కిమ్మిచ్ కథ ఇంకా విచిత్రం. కరోనా బాధితుల కోసం సహ ఆటగాడు గొరెట్స్‌కాతో కలిసి విరాళాల సంస్థ పెట్టినవాడు తనే టీకా వేసుకోలేదు, దీర్ఘకాలంలో ఏమవుతుందోనని అనుమానం అన్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నవంబర్‌లో కరోనా వచ్చి, ఊపిరితిత్తుల ఇబ్బందితో ఆ ఏడాది మళ్లీ ఆడలేదు. ముందే వేసుకోవాల్సింది అని ఒప్పుకున్నాడు.

ఇక్కడ నాకు గుచ్చుకునేది ఇంకొకటి. మా గజపతి జిల్లా కొండల్లో సవర పల్లెల వాళ్లు టీకాకు జంకితే అది ‘అవగాహన లేకపోవడం’ అని రాశాం. నేనూ రాశాను. మ్యూనిక్‌లో కోట్లు సంపాదించే ఆటగాడు అదే భయం చెబితే అది ‘వ్యక్తిగత నిర్ణయం’. భయం ఒక్కటే, ఎవరికి ఎలాంటి చొక్కా తొడగాలో మనమే చూసుకున్నాం.

ఆ నవంబర్‌లోనే ఇంటింటికీ వెళ్లి టీకాలు వేసే కార్యక్రమం నడుస్తోంది. పర్లాకిమిడి పైన కొండ పల్లె ఒకదానిలో ఫుట్‌బాల్ పోటీ ఉందంటే వెళ్లాను. గెలిచిన జట్టుకు మేకపోతు. దాన్ని గోల్ పోస్టు వెనక చింతచెట్టుకు కట్టేశారు. ఆశా దీదీ, నర్సు ఇద్దరూ ఐస్ పెట్టె పట్టుకుని మైదానం పక్కనే బల్ల వేశారు. ఊరంతా అక్కడే ఉంది కాబట్టి ఇల్లిల్లూ తిరిగే పని లేదు. మొదట చెట్టు కింద కూర్చున్న ముసలివాళ్లను పిలిచింది దీదీ, సవరలో కొందరిని, ఒడియాలో కొందరిని, మమ్మల్ని చూసి తెలుగులో. హాఫ్‌టైమ్ విజిల్ పడగానే ఆటగాళ్ల దగ్గరికి నడిచింది. పది మంది వచ్చారు, గోల్‌కీపర్ రాలేదు.

‘చెయ్యి నొప్పెడితే బంతి ఎలా పట్టాలి దీదీ?’

‘ఎడమ చేతికి వేస్తాను. నువ్వు రెండు చేతులతో పట్టినవి కూడా వదిలేస్తున్నావు, చూశాలే.’

అందరూ గొల్లుమన్నారు. వాడూ వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. టీకా వేశాక అరగంట కూర్చోవాలని నియమం. పదకొండు మందీ గడ్డి మీద వరసగా కూర్చున్నారు. రెఫరీ రెండుసార్లు వచ్చి వాచీ చూపించాడు. ఆవిడ తన ఫోన్ చూపించింది. ఇంకా పంతొమ్మిది నిమిషాలున్నాయి.