జాతర పాటకు గుడి ఉంది, నాటు పాటకో?

కొమురవెల్లి మల్లన్న జాతర జరిగినంత కాలం ఒగ్గు కథకు పిలుపు ఉంటుంది. దేవుడి ముందు రంగు పొడుల ముగ్గుతో పట్నం వేయాలన్నా, మల్లన్న కథ చెప్పాలన్నా డోలు, తాళాలతో ఒగ్గు పూజారులు రావలసిందే. మొక్కు ఉంది కనుక పాట నిలిచింది. వరి నాట్లు వేస్తూ పాడే నాటు పాటకు అలాంటి మొక్కు ఏదీ లేదు. బావి మీద మోట తోలుతూ పాడిన పాట కరెంటు మోటారు రాగానే ఆగిపోయింది. బియ్యం మిల్లు దంపుడు పాటను, పిండి మర విసుర్రాయి పాటను తీసుకుపోయాయి. మిగిలిన నాటు పాట, కలుపు పాట కూడా యంత్రాలకూ గడ్డి మందులకూ దారి ఇస్తున్నాయి. వీటిని ఎవరూ వద్దనలేదు. పని పోయింది, దానితోపాటు పాడుకునే సందర్భమూ పోయింది.

జానపదం పేరిట జరిగే సర్కారీ ఉత్సవాలు ఈ తేడాను గుర్తించినట్లు కనిపించదు. వేదిక, పది నిమిషాల ప్రదర్శన, శాలువా, ఫొటో. 2022లో 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు, కోయల కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో బుర్రవీణ దాసరి కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు వచ్చింది. ఆలస్యంగానైనా న్యాయమే జరిగింది. అయితే వాద్యానికో కథకో ఒక కళాకారుడంటూ ఉంటాడు. ఒకామె ఎత్తుకుంటే మడిలో ఉన్న ఆడవాళ్లంతా అందుకునే పాటకు పురస్కారం ఎవరి పేరున ఇస్తారు?

దేవుడి పాట, పని పాట అని మేమూ విడదీసి రాస్తున్నాం గానీ ఊళ్లో ఆ గీత అంత తిన్నగా ఉండదు. బోనాలకూ పెళ్లికీ చావుకూ అదే డప్పు, మారేది దరువే. పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువగా ఉండే పల్లెలు తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఉన్నాయి. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి కథను ఊరూరా చెప్పి 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ నాజర్ ముస్లిం. ఆ బుర్రకథకు మూలమేమో శైవుల జంగం కథ. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదాలను, వెన్నెల పదాలను, నివాళి పదాలను, శంకర పదాలను ఒకే వరుసలో చెప్పుకుపోయాడు. గీత పడింది పోషణ దగ్గరే. భక్తికి గుడి ఉంది, దాత ఉన్నాడు. నాటు పాట పాడే కూలీకి ఎవరున్నారు?

జాతర పాట మాత్రం భద్రంగా ఉందని కాదు. ఊరేగింపులో డీజే పెట్టెలు ముందు నడుస్తుంటే డోలు కొట్టేవాళ్లు వెనకబడుతున్నారు. ఉత్సవ కమిటీ తలచుకుంటే ఒక్క తీర్మానంతో దాన్ని సరిచేయవచ్చు. పని పాటలకు ఆ వెసులుబాటు లేదు. అవి తెలిసినవాళ్లు ముసలివాళ్లయ్యారు.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఊరూరా తిరిగి పని పాటలను రికార్డు చేసే బాధ్యతను నిధులతో సహా దానికి అప్పగించాలన్నది మా మాట. ఆంధ్రప్రదేశ్ కూడా తన విశ్వవిద్యాలయాలకు ఇదే పని ఇవ్వాలి. సాహిత్యం ఒక్కటే రాసుకొస్తే చాలదు. ఏ పనికి, ఏ ఊళ్లో, ఎవరు పాడారో నమోదు కావాలి. చేతి కదలికను బట్టి నడిచే పాట కనుక పని చేస్తుండగానే దృశ్యంతో సహా పట్టుకోవాలి. పాడినవాళ్లకు ఆ రోజు కూలికి తగ్గకుండా చెల్లించాలి.

మరో సంగతి. పాతకాలపు పాట ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని రికార్డు చేసినవారికి ఆ రికార్డింగుపై హక్కు వస్తుంది. యూట్యూబ్‌లో లక్షల మంది చూసే పాటల కింద ‘జానపదం’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది, నేర్పిన అవ్వ పేరు ఉండదు. పాడినవారికి కాపీరైట్ చట్టం 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఇచ్చింది. ఆ సంగతి పల్లెలో చెప్పేవారే లేరు. విశ్వవిద్యాలయమైనా, ప్రైవేటు ఛానలైనా మైకు పెట్టేముందు తెలుగులో రాసిన ఒప్పంద పత్రాన్ని చదివి వినిపించాలి, రికార్డింగు ప్రతి ఒకటి గ్రామ పంచాయతీలో ఉంచాలి. వచ్చే వానకాలం నాట్లలోపే ఈ నిబంధన తేవాలి.