గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి చూడండి

మారుతి 800 రాగానే అంబాసిడర్ పనికిరాకుండా పోయిందని మీ వ్యాసంలో రాశారు. టౌను రోడ్లకైతే సరే. మాది రాయచోటి పక్క పల్లె, కడపకు పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ దాటాల్సిందే. పెదనాయనది అంబాసిడర్, మా నాయనది 800. ఆ మలుపుల్లో రెండూ నడిపినా.

అంబాసిడర్‌కు గేరు కర్ర స్టీరింగ్ పక్కనే, ముందు సీటు బల్ల మాదిరి ఒకటే. పెళ్లికి పోతే పిల్లాజెల్లా కలిసి తొమ్మిది మంది! 15 అంగుళాల చక్రాలు, గుంతలో పడినా నడుముకు తెలిసేది కాదు. మలుపు తిప్పేటప్పుడు మాత్రం రెండు భుజాలూ పని చెయ్యాల.

800ది 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. అంబాసిడర్ 1489 సీసీ ముందర ఇదేం ఎక్కుతుందని పెదనాయన నవ్వినాడు. బండి తేలిక కదా, మేక మాదిరి ఎక్కేసింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మట్టిబాట మీద మాత్రం, ఆ 12 అంగుళాల చక్రాలతో, ఒళ్లు హూనమే.

అయినా 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు నుంచి పుట్టిన బండిని 1983లో వచ్చినదాంతో పోల్చి ఓడించడం ఏం న్యాయమండీ? రెండిటి తయారీ ఆగింది 2014లోనే, ఆ సంగతీ రాసుంటే బాగుండేది. పాలకోవా కోసం గువ్వలచెరువులో ఆపితే ఇప్పటికీ జనం చూసేది అంబాసిడర్ వైపే.