ముల్లు దించని రసికులు

గ్రామఫోను రికార్డును నిజంగా ప్రేమించేవాడు దానిని వినకూడదు. వడపళని నుంచి పడమటి మాంబళం దాకా చెన్నై తెలుగు రసికులు నిష్ఠగా పాటిస్తున్న ఈ నియమాన్ని చూసి నవ్వేవారికి అందులోని శాస్త్రం తెలియదు. ముల్లు నడిచిన ప్రతిసారీ రికార్డు మీది గాడి ఎంతో కొంత అరుగుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల (78 ఆర్‌పీఎం) రోజుల్లోనైతే రికార్డు ఒక్కో పక్కకూ ఒక కొత్త ఉక్కు ముల్లు మార్చుకోవలసి వచ్చేది. కనుక పాటను బతికించాలంటే దాని నోరు నొక్కి ఉంచడమే ఉత్తమం.

అలాగని మనవాళ్లు లోభులు కారు. "అపురూపమైన రికార్డు దొరికిందండీ, ఆదివారం వచ్చి వినిపోండి" అని ఆప్యాయంగా పిలుస్తారు. ఏసీ గది రికార్డులది, హాల్లో ఫ్యాను అతిథులది. ఈ ఊరి ఎండకు ఎల్పీలు (ఎక్కువసేపు మోగే వినైల్ రికార్డులు) వంకర పోతాయి, తేమకు అట్టలు బూజు పడతాయి. అతిథులకు ఆ రెండు ప్రమాదాలూ లేవు కదా. తరువాత అట్ట చేతులు మారుతుంది, అదీ అంచులు పట్టుకుని మాత్రమే. ఆ పైన కొనుగోలు చరిత్ర మొదలవుతుంది. ప్రతి రికార్డూ 1985లో తగలబడిన చెన్నై పాత బజారు మూర్ మార్కెట్లో, తగలబడడానికి కాస్త ముందు కొన్నదే. ఈ మాటలన్నీ నిజమైతే ఆ మార్కెట్టు ఎక్కడో ఊరి చివరనున్న తాంబరం దాకా విస్తరించి ఉండాలి. 78 రికార్డు పక్కకు పట్టేది మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూ. మహా విద్వాంసులు సైతం తమ రాగాలాపనను ఆ కొలతకు కుదించుకున్నారు గాని, మా గృహస్థు తన ప్రసంగాన్ని కుదించుకోలేరు. చివరికి ఎవరైనా సిగ్గు విడిచి "ఇంతకీ పాట ఎలా ఉంటుందండీ?" అని అడిగితే, ఆయన ఉదారంగా ఫోను తీసి అదే పాటను యూట్యూబులో వినిపిస్తారు.

ఇక అరువు సంగతి. ఘంటసాల మరణానంతరం 1974లో విడుదలైన భగవద్గీత ఎల్పీని నాకు తెలిసిన ఒక పెద్దాయన ఒకసారి అరువిచ్చారు. ఫలాపేక్ష లేకుండా కర్మ చేయమన్న శ్లోకాన్ని తాత్పర్యంతో సహా అప్పజెప్పి, గురువారానికల్లా తిరిగి ఇవ్వమన్నారు, గీత పడకుండా.

ఇంతటి క్రమశిక్షణ ఉన్న సమాజంలో ఇటీవల ఒక అపచారం జరిగింది. కోడంబాక్కంలో ఒక కుర్రవాడు ఇరుగుపొరుగును పిలిచి, తన ఎల్పీలను రెండు పక్కలా పూర్తిగా వేసి వినిపిస్తున్నాడు. అడిగినవారికి మళ్లీ మొదటినుంచి వేస్తున్నాడు. జనం మెట్ల మీద కూడా కూర్చుంటున్నారని వినికిడి. అతని మీద మాకు ద్వేషం లేదు. ఆ రికార్డులు పూర్తిగా అరిగిపోకముందే మేం నలుగురం వెళ్లి, వాటిని సమానంగా పంచుకుని, మా ఏసీ గదుల్లో భద్రపరచాలని మాత్రం నిశ్చయించుకున్నాం.