ఇది ఆయుధమే, సందేహం లేదు

పాత వడ్రంగి పనిముట్టు ఎక్కడైనా బయటపడితే, అది ఏమిటో తేల్చడానికి వడ్రంగిని మాత్రం పిలవకూడదు. గుర్తింపు నిపుణులమైన మాకు ఇది మొదటి నియమం. వడ్రంగి వస్తే చర్చ ముగిసిపోతుంది. చర్చ ముగిసిపోవడం ఏ శాస్త్రానికీ క్షేమం కాదు. పైగా, పేరు తెలిసిన ఇనుము పాత ఇనుమే. పేరు తెలియని ఇనుము పురావస్తువు. అంతటి గౌరవం కాలు కదపకుండా దక్కించుకున్న వస్తువును మళ్లీ పనిముట్ల పెట్టెలోకి దించడం ఎంత అమానుషమో ఆలోచించండి.

ఈమధ్య మా ముందుకు వచ్చిన వస్తువునే చూడండి. అడుగు పొడవున్న ఇనుప పట్టీ. ఒక అంచు మందంగా, రెండో అంచు పలచగా ఉంది. ఒక కొసన ఇనుమునే వంచి చుట్టి కన్ను చేశారు. ఆ కన్నులో దిగిన కొయ్యపిడి పట్టీకి లంబంగా నిలబడి ఉంది. చూస్తూనే మాలో పెద్దవారు ‘యుద్ధ కత్తి’ అని ప్రకటించారు. పిడి వరసగా కాకుండా అడ్డంగా ఎందుకుందని కొత్తగా చేరిన కుర్రవాడు అడిగాడు. గుర్రం మీదనుంచి పోరాడేవారికి అదే వీలని సమాధానం వచ్చింది. మరి అంచు ఇంత మొద్దుగా ఉందేమిటన్నాడు. శత్రువును చంపడానికి కాదు, నిజం కక్కించడానికి అన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్న సామెతను ఎవరో గొణిగారు గానీ అది సమావేశ నివేదికలోకి ఎక్కలేదు.

రెండో వర్గం వారు దాన్ని పూజాసామగ్రిగా నిర్ధారించారు. ఉపయోగం తెలియని ప్రతిదాన్నీ దేవుడి ఖాతాలో వేయడంలో గొప్ప సౌలభ్యం ఉంది: ఆయన వచ్చి కాదనడు. గడ్డి కోసే కొడవలి అన్న మూడో వర్గం కూడా ఉంది. వారిలో ఊహాశక్తి తక్కువని అందరూ జాలిపడ్డారు.

వస్తువు మాత్రం మాకు ఏమాత్రం సహకరించలేదు. పదును ఉండాల్సిన అంచు నున్నగా, బద్ధకంగా ఉంది. దెబ్బలు తినకూడని వెన్ను మాత్రం చితికి, అంచులు బయటికి ఒరిగి ఉంది. అదీ అంతటా ఒకే తీరుగా కాదు, పిడికి దూరంగా ఉన్న కొసన మరీ ఎక్కువగా. ఇలాంటి వివరాలను మేము ‘కాలప్రభావం’ అనే పద్దు కింద రాసి పక్కన పెడతాం. అలా పెట్టేలోపే ఆ కుర్రవాడు నియమాన్ని ఉల్లంఘించి ఒక వృద్ధ వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన వస్తువును పక్కనుంచి ఫొటో తీయలేదు. కళ్లజోడు సర్దుకుని చరిత్ర వైపు చూడలేదు. నేరుగా పిడి పట్టుకున్నారు. వెన్ను మీద బొటనవేలు పోనిచ్చి, “ఇది కోసేది కాదండీ, చీల్చేది” అన్నారు. అంతే. మూడు వర్గాలు, రెండు సిద్ధాంతాలు, రాసి ఉంచుకున్న ఒక ముందుమాట ఒక్క వాక్యంతో నేలపాలయ్యాయి.

ఆయన చెప్పినది ఇంత. దుంగను నిలువుగా నిలబెట్టి, పలచటి అంచును దాని తల మీద ఆనించి, వెన్ను మీద కొయ్య గుదితో కొడతారు. పట్టీ కొయ్యలోకి దిగాక కొట్టడానికి బయట మిగిలేది దూరపు కొస ఒక్కటే, కాబట్టి దెబ్బలన్నీ అక్కడే పడతాయి. ఆపై కొట్టడం ఆపి, పిడిని తనవైపు లాగుతారు. అప్పుడు పట్టీ మెలిపడి రెండు సగాలను విడదీస్తుంది, చీలిక అంచుకంటే ముందుగా పరుగెడుతుంది. ముందే విడిపోయిన కొయ్యను కోయాల్సిన పని అంచుకు లేదు గనుక పదునుతోనూ పని లేదు. చీలిక ఒక పక్కకు ఒరిగి ఒక సగం పలచబడుతుంటే, మందమైన సగాన్ని వంచుతారు. చీలిక మళ్లీ మందం వైపుకు జరుగుతుంది. కొయ్యతో అంత మర్యాదగా మాట్లాడే పనిముట్టును పట్టుకుని మేము హింసాయుధం అన్నామట. మా మనోభావాలు దెబ్బతిన్న సంగతి ఆయనకు పట్టలేదు.

ఇంగ్లీషువారు దీన్ని ఫ్రో అంటారు. పైకప్పు పెంకులుగా వేసే కొయ్య పలకలు, పీపాల బద్దలు, కుర్చీ కాళ్లు దీనితో చీల్చేవారు. రంపం నారను అడ్డదిడ్డంగా తెంపుతూ పోతుంది. ఇది నార దారినే వెళుతుంది. నార తెగని పలకకు బలం ఎక్కువ, నీరు ఇంకడం తక్కువ. ఇదంతా బాగానే ఉంది. కానీ ఇందులో రాజు ఏడి? ద్రోహం ఏది? కనీసం ఒక శాపమైనా లేదే!

ఇది ఒక్కసారి జరిగిన ప్రమాదం అయితే సర్దుకుపోయేవాళ్లం. చిన్న పిడి చివర తిరిగే ఇనుప చక్రం దొరికితే పసిపిల్లల ఆటవస్తువు అని తేల్చాం. బండిచక్రాలు చేసేవారు దాన్ని కొయ్యచక్రం చుట్టూ దొర్లించి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, అదే లెక్కతో ఇనుప పట్టాను కొలిచేవారట. పట్టాను ఆ కొలతకంటే కాస్త తక్కువగా ఉంచి, కాల్చి, ఎర్రగా ఉండగానే చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుపోతుంది. గాట్లున్న మరో చిన్న ఇనుమును దంతవైద్యుడి పరికరం అన్నాం. ఇక్కడ మేము సగం గెలిచాం: పళ్ల కోసం చేసిందే, కాకపోతే రంపం పళ్ల కోసం. ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి వంచితే కోత రంపం మందంకంటే వెడల్పవుతుంది, రంపం కొయ్యలో ఇరుక్కోదు.

తేదీల విషయంలోనూ మా మార్గం స్పష్టం. ఇనుప చిత్రిక మీద 1910 నాటి పేటెంటు తేదీ పోతపోసి ఉంటే, అది 1910లోనే పుట్టింది. ఆ తేదీతో ఏళ్ల తరబడి చిత్రికలు పోతపోశారని, అంతకు ముందుది కాదని మాత్రమే అది చెబుతుందని కొందరు వాదిస్తారు. వారికి పండగ వాతావరణం నచ్చదు. కొయ్య చిత్రిక ముందు భాగాన ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు పేర్లు అచ్చువేసి ఉంటే మేము వంశవృక్షం గీస్తాం. చేతులు మారిన కొద్దీ ఒక్కో యజమాని తన పేరు కొట్టుకున్నాడంతే అని తేల్చేయడం అన్యాయం.

మాకు అసలైన దెబ్బ మాత్రం 1936లో తగిలింది. స్వీడన్‌లోని గోట్లండ్ దీవిలో, ఒకప్పుడు చిత్తడిగా ఉన్న పొలాన్ని దున్నుతుంటే సుమారు వెయ్యేళ్ల నాటి ఓకు పెట్టె నాగలికి తగిలింది. అందులో 200కు పైగా వస్తువులు. గొడ్డళ్లు, బాడిసలు, రంపాలు, ఆకురాళ్లు, బరమా మొనలు. నేటి వడ్రంగి ఎవరైనా పెట్టె తెరిచి పనిలోకి దిగిపోగలిగేటట్టు ఉన్నాయి. వెయ్యేళ్లలో కాస్తయినా మారి మాకు అవకాశం ఇవ్వాలన్న ఇంగితం ఆ పనిముట్లకు లేకపోయింది.

ఇకమీదట ఇలాంటి ఇబ్బంది రాకుండా కొన్ని జాగ్రత్తలు ఆలోచించాం. దొరికిన ప్రతి వస్తువునూ వెంటనే తీగ బ్రష్షుతో రుద్ది, యంత్రం మీద సాన పట్టి, పిడికి వార్నీషు వేయాలి. వేళ్లు అరగదీసిన గుంటలు, గుది చితక్కొట్టిన వెన్ను పోతే, వస్తువు ఇక ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఈ పద్ధతిని ప్రజలు ఇప్పటికే స్వచ్ఛందంగా అమలు చేస్తుండటం మాకు ఊరట.

ఆపై ఓటింగు జరిగింది. యుద్ధ కత్తి భారీ ఆధిక్యంతో నెగ్గింది. వృద్ధ వడ్రంగి ఓటును లెక్కించలేదు. జవాబు ముందే తెలిసినవారిని నిష్పాక్షికులుగా పరిగణించలేం. ప్రదర్శనలో పెట్టడానికి పేరు రాసిన పలక కావాలి గనుక ఆ సాయం మాత్రం ఆయన్నే అడిగాం. ఆయన బయటికెళ్లి, ఓ కొయ్య మొద్దు మీద అదే ఇనుమును ఆనించి రెండు దెబ్బలు కొట్టి, పిడి లాగి, నున్నటి పలక చీల్చి ఇచ్చారు. దాని మీద ‘ప్రాచీన యుద్ధ కత్తి’ అన్న అక్షరాలు చక్కగా కుదిరాయి.