కల్వర్టు ఏ పార్టీది?

మొన్నటి వానకి మా ఊరి కల్వర్టు కూలింది. ఏ పార్టీ వల్ల కూలిందో తెలుసుకుందామని మర్నాడు పొద్దున్నే సెలూన్‌కి వెళ్లాను. మా సెలూన్ ఆయన రెండు పేపర్లు వేయించుకుంటాడు. ఒకటే వేయిస్తే సగం తలకాయలు ఎదురు షాపుకి పోతాయని ఆయన భయం.

మొదటి పేపర్లో పాత ప్రభుత్వం సిమెంటు మింగేసింది కాబట్టి కూలింది. రెండో దాంట్లో కల్వర్టు నిక్షేపంలా ఉండేది, కొత్త ప్రభుత్వం పట్టించుకోక కూలింది. ఫొటో మాత్రం ఒకటేనండోయ్! వీళ్లు ఎడమ పక్క కత్తిరించారు, వాళ్లు కుడి పక్క. రెండు పేపర్లూ పక్కపక్కన పరిస్తే గానీ కల్వర్టు మొత్తం కనపడలేదు. సగం గడ్డం గీయించుకున్న ఒక పెద్దాయన నురగతోనే లేచి, అసలు వాన ఎక్కడ పడింది, మా పేపర్లో చినుకులన్నారంతే అని వాదనకి దిగాడు. ఆయన చెప్పులు అప్పటికీ తడిగానే ఉన్నాయి. చివరికి సెలూన్ ఆయనే కత్తి తుడుచుకుంటూ, "ఆ కల్వర్టు నా పెళ్లినాటికే ఉందయ్యా" అన్నాడు. ఆయనకిప్పుడు మనవలు.

దీంట్లో దాపరికం ఏముంది లెండి. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన రోజుల్లో ఈనాడు ఎవరికి కొమ్ము కాసిందో మా తాతకీ తెలుసు. రాజశేఖరరెడ్డి "ఆ రెండు పత్రికలు" అంటే ఏ రెండని ఎవరూ అడగలేదు. 2008లో ఆ ఇంటివాళ్లే సాక్షి పెట్టుకున్నారు. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ సంగతి రంగు చూస్తేనే తెలుస్తుంది. 2022లో జగన్ ప్రభుత్వం పేపరు కొనుక్కోమని వాలంటీర్లకి నెలకి 200 రూపాయలు ఇచ్చింది. ఏ పేపరో జీవోలో లేదు, బాగా చలామణిలో ఉన్న పేపరన్నారంతే. ఈనాడు వాళ్లకి ఎందుకో అనుమానమొచ్చి కోర్టుకెక్కారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టీవీల సంగతి ఇంకా తేలిక. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్లో మాయమయ్యాయి. 2024 జూన్‌లో ఆంధ్రాలో ప్రభుత్వం మారిందో లేదో సాక్షి టీవీ, టీవీ9 మాయమయ్యాయి. ఓట్ల లెక్కింపు ఎప్పుడో కేబుల్ వైరుకి కూడా తెలుసన్నమాట.

ఇంతవరకూ నాకు నవ్వే. సాయంత్రం కల్వర్టు దగ్గర ఆ రెండు పేపర్ల విలేకర్లూ కనిపించారు. ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు, పెట్రోలు చెరిసగం, ఫొటో ఒకే ఫోన్లో తీసుకున్నారు. ఏం రాశారయ్యా అనడిగితే చూపించారు. కల్వర్టు కూలింది, బడిపిల్లలు తాటిమొద్దు మీద వాగు దాటుతున్నారు, రెండేళ్లుగా ఊరివాళ్లు అర్జీలు పెడుతున్నారు. ఇద్దరిదీ ఇదే వార్త! తాటిమొద్దు ఏ పేపర్లోనూ రాలేదు. పిల్లలూ రాలేదు. పైన డెస్కులో కూర్చున్నవాళ్లకి పిల్లలు పనికిరాలేదు, ఎందుకంటే వాళ్లకి ఓటు లేదు, పార్టీ లేదు, కాలు జారితే మాత్రం రెండు పేపర్లూ మొదటి పేజీలో పోటీపడి ఏడుస్తాయి. సిగ్గుండాలి కదా! ఈ విలేకర్లకేమో జీతం లేదు, అచ్చయిన లైన్లు కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు, అది టీకి కూడా చాలదు. పైగా ప్రతి పండక్కీ ఇంత యాడ్ తేవాలని టార్గెట్. తేకపోతే ఇంకొకడు రెడీ. అంటే మాలికులకి పేపరు పార్టీ కోసం, ఈ కుర్రాళ్ల చెమట పేపరు కోసం, మరి ఆ పిల్లల కోసం ఎవడు?

అలా కాసేపు అరిచాను. ఇద్దరూ ఓపిగ్గా విన్నారు. తర్వాత అందులో చిన్నవాడు మొహమాటపడుతూ, "సార్, వచ్చే వారం ఎమ్మెల్యేగారి పుట్టినరోజు. మీకు తెలిసిన కాంట్రాక్టర్లెవరైనా ఉంటే నాకో పావు పేజీ చెప్పించండి" అన్నాడు. రెండోవాడు వెంటనే, "నాక్కూడా సార్" అన్నాడు.