ఓకే అంటే ఒప్పుకున్నట్టేనా?

సంబంధం ఓకే అయింది. లోను ఓకే అయింది. బిల్లు ఓకే చేయించుకుని వచ్చాం. సినిమా ఎలా ఉందంటే ఓకే ఓకే. జ్వరం తగ్గిందా అంటే, ఆ, ఇప్పుడు ఓకే. తెలుగు మాటల్లో ఈ రెండక్షరాలు చేయని పని లేదు. అరువు మాటల వల్ల భాష చెడిపోతోందన్నది నా వాదన కాదు, అరువు తెచ్చుకోని భాష ఉండదు. నా బెంగంతా ఒక్కచోటే. అవతలివాళ్లు మన సమ్మతి అడిగే చోట ఈ మాట మనకు నష్టం చేస్తోంది.

దీని పుట్టుక చూస్తే ఆ నష్టం ఏమిటో తెలుస్తుంది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఇది అచ్చయింది. మాటల్ని కావాలనే తప్పుగా రాసి, వాటిని పొడి అక్షరాలకు కుదించడం అప్పటి పత్రికలవాళ్లకు సరదా. ‘ఆల్ కరెక్ట్’ అలాగే ‘ఓల్ కొరెక్ట్’ అయి ఓ.కె.గా మిగిలింది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కిండర్‌హుక్ ఊరివాడైన మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అనుచరులు ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడినా ఆ ప్రచారంలో మాట దేశమంతా పాకింది. ఈ సంగతి 1960లలో భాషా పరిశోధకుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి తేల్చాడు. మొదట్లో దాని అర్థం ‘చూశాను, అంతా సరిగ్గానే ఉంది’ అని. అంటే అది చూసినవాడు అనాల్సిన మాట. ఇవాళ మనం చూడకుండానే అంటున్నాం.

కంప్యూటర్ తెర మీదికి వచ్చాక ఇంకో మలుపు తిరిగింది. యాపిల్ లిసా కంప్యూటర్‌ను తయారు చేస్తున్నప్పుడు మనం సరేనని నొక్కే బటన్ మీద మొదట ‘డూ ఇట్’ అని రాశారు. పరీక్షించడానికి వచ్చినవాళ్లలో కొందరు, అందులోని ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ‘ఎల్’లా కనిపించి, దాన్ని ‘డోల్ట్’ అని, అంటే మొద్దు అని, చదువుకుని నొచ్చుకున్నారు. అప్పుడు దాన్ని ఓకేగా మార్చారు. చేసెయ్ అనే ఆజ్ఞ ఉన్నచోట తల ఊపినంత తేలికైన మాట వచ్చి కూర్చుంది. నొక్కితే జరిగే పని మాత్రం అదే.

మన భాషలో ఒప్పుకోవడానికి ఎన్ని మెట్లున్నాయో చూడండి. సరే, అలాగే, అట్లనే, కానివ్వండి, మీ ఇష్టం, మీరెట్లంటే అట్ల, చూద్దాం, సరేలే. ‘సరేలే’ అన్నప్పుడు ఆ చివరి ‘లే’ మనసు పూర్తిగా ఒప్పలేదని చెప్పేస్తుంది. ‘మీ ఇష్టం’ అన్నవాళ్లను మరోసారి అడగాలని పెళ్లిపెద్దకు కూడా తెలుసు. ‘ఊ’ కొడితే వింటున్నారనే అర్థం. వీటన్నిటి చోటా ఓకే అనేస్తే విన్నారో, ఒప్పుకున్నారో, విసిగి ఊరుకున్నారో అవతలివాళ్లకు తెలియదు. తెలుసుకోనవసరం కూడా లేకుండా పోతుంది.

ఆసుపత్రిలో ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. ఆపరేషన్ ముందు రాత్రి ఫైలు పట్టుకుని సిస్టర్ వస్తుంది. ‘ఇక్కడొకటి, కింద ఇంకొకటి పెట్టండి.’ ఏంటమ్మా ఇది అంటే, ‘ఏం లేదండీ, ఆపరేషన్‌కి ఓకే అని.’ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, సగం ఖాళీలు నింపి ఉండవు. రోగి పక్కనే మంచం మీద మెలకువగా కూర్చుని ఉన్నా, సంతకం మాత్రం కొడుకు చేత పెట్టిస్తారు. ఆమెను తప్పుపట్టలేం, వార్డంతా ఆమె ఒక్కతే చూసుకోవాలి. కానీ సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో దీని మీద స్పష్టంగా చెప్పింది. అందులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు మైనరు కాని రోగి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. లాభమేంటి, ముప్పేంటి, వేరే దారి ఉందా అన్నవి రోగికి ముందు చెప్పాలంది.

ఫోన్ల సంగతి మనకు అనుభవమే. 2020లో లాక్‌డౌన్‌లో పనులు పోయి అప్పు యాప్‌లు పెట్టుకున్నవాళ్లు కాంటాక్టులు చూడనివ్వమంటే ఓకే నొక్కారు. వాయిదా దాటగానే బావమరిదికి, ఆఫీసులో పైవాళ్లకు, ఎప్పుడో మాట్లాడిన ప్లంబరుకు ఫోన్లు వెళ్లాయి. మార్చిన ఫొటోలు బంధువులకు చేరాయి. ఆ అవమానానికి తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు ముట్టకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో ఆదేశించింది. మరి నొక్కింది మీరే కదా అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అద్దె కట్టాల్సిన రోజున, ఓకే నొక్కితేనే డబ్బు వస్తుందని తెర చెబుతుంటే నొక్కడం ఒప్పుకోవడం కాదు.

చట్టం కూడా ఇప్పుడు అటే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతు లేకుండా ఇచ్చిందై ఉండాలి. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ ఒకటి నాకు బాగా నచ్చింది. ఫోన్‌లో వైద్యసలహా ఇచ్చే యాప్ కాంటాక్టులు కూడా అడిగిందనుకోండి. మనిషి రెండింటికీ సరేనన్నా, వైద్యసలహాకు కాంటాక్టులతో పని లేదు కాబట్టి ఆ రెండో సమ్మతి చెల్లదు. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది.

నా భయం ఆ తెలుగు ఎలా ఉంటుందోనని. ‘వ్యక్తిగత దత్తాంశ ప్రక్రియ నిమిత్తం సమ్మతి’ అని రాస్తే ఇంగ్లీషుకూ దానికీ తేడా ఉండదు, మా అమ్మ రెండిటికీ ఓకే నొక్కేస్తుంది. ‘మీ ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ మేం చూస్తాం. వద్దంటే ఇక్కడ నొక్కండి, అయినా మీ పని ఆగదు’ అని రాయాలి. చదువు రానివాళ్లకు అదే మాట గొంతుతో వినిపించాలి. ఆసుపత్రిలో డాక్టరు ‘ఓకేనా?’ అని అడగడం మాని, ‘రేపు మీకు ఏం చేయబోతున్నామో మీ మాటల్లో చెప్పండి పెద్దాయనా’ అని అడగాలి. డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. బ్యాంకులూ యాప్‌లూ ఆ నోటీసులు రాసుకునేది ఈ గడువులోనే. అవి అచ్చయ్యేలోపే తెలుగు బాగా వచ్చినవాళ్ల చేత చదివించాలి.